మూత కింది అమానతు

మూడేళ్ల క్రితం ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇల్లు చేరేసరికి మా పెద్దల్లుడి ఫోను వచ్చింది. అతను అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి గంట ప్రయాణం దూరాన ఉన్న ఒక చిన్న ఊళ్లో కొత్తగా కట్టిన ఇల్లు కొనుక్కున్నాడు. "మామయ్యా, ఒక మస్‌అలా అడగాలి" అన్నాడు. అతని వీధికి మురుగు కాల్వల సదుపాయం లేదు. ప్రతి ఇంటి పెరట్లోనూ భూమిలో తొట్లు పాతి, గాలి ఊదే యంత్రం అమర్చి, ఇంటి మురుగును అక్కడికక్కడే శుద్ధి చేసుకుంటారు. దానిని ఏరోబిక్ సెప్టిక్ వ్యవస్థ అంటారు. అమర్చిన వారు మొదటి రెండేళ్లు తామే వచ్చి చూసిపోయారు. ఆ గడువు తీరింది. ఇకమీదట ఏటేటా రుసుము చెల్లించి నిర్వహణ ఒప్పందం కుదుర్చుకోవాలని వారి నుంచి ఉత్తరం వచ్చింది. "యంత్రం చెడినా, చెడకపోయినా డబ్బు కట్టవలసిందే. ఇది ఇన్సూరెన్సు వంటిదేమోనని నా సందేహం. ఇది జాయిజేనా?" అని అడిగాడు.

నేను మరునాటి పాఠం చూసుకోవాలనే తొందరలో ఉన్నాను. "చెడుతుందో లేదో తెలియని దానికి ముందుగానే సొమ్ము చెల్లించడంలో గరర్ ఉంది. అనుమానం ఉన్నదానిని విడిచిపెట్టడమే మేలు" అని చెప్పాను. మొత్తం సంభాషణ నాలుగు నిమిషాలు కూడా సాగలేదు. అల్లుడు నా మాట మీద గౌరవంతో ఆ ఒప్పందాన్ని వదులుకున్నాడు.

ఆ నాలుగు నిమిషాల జవాబు ఎక్కడికి దారి తీసిందో చెప్పడానికే ఈ నెల ఈ వ్యాసం. పాఠకులలో చాలామందికి ఏరోబిక్ సెప్టిక్ వ్యవస్థతో పని పడకపోవచ్చు. అయితే మన బిడ్డలు ఎందరో ఆ దేశంలో ఇళ్లు కొంటున్నారు. ఇక్కడ ఉన్న మనకు కూడా లిఫ్టు, మంచినీటి యంత్రం, అపార్టుమెంటు మురుగుశుద్ధి కేంద్రం, ఇన్వర్టరు వంటి వాటికి ఏడాది ఒప్పందాలు నిత్యవ్యవహారాలయ్యాయి. కనుక ఈ విషయం తెలుసుకోవడం అందరికీ అవసరమే.

పొరుగువాని టమాటా మడి

మరుసటి ఏడాది అమ్మాయి కాన్పు సందర్భంగా నేనూ, మా ఇంట్లోవారూ టెక్సాస్ వెళ్లాం. ఎండాకాలం. అక్కడ ఆ రోజుల్లో ఫజ్ర్ వేళ చాలా తొందరగా అవుతుంది. మొదటి తెల్లవారుజామున నమాజుకు లేచి తలుపు తీయగానే గడ్డి నేల మీద నీళ్లు చిమ్ముతున్న శబ్దం వినిపించింది. దానితోపాటే దుర్వాసన వచ్చింది. తోటకు నీళ్లు పెడుతున్నారు కాబోలు, ఎరువు వాసన కాబోలు అనుకున్నాను. పదిరోజులు గడిచినా ఆ వాసన పోలేదు. ఇంట్లోవారికి అది అలవాటైపోయినట్టుంది, ఎవరూ మాట్లాడలేదు.

ఒక ఆదివారం సాయంత్రం పక్కింటి పెద్దాయన వచ్చాడు. ఎనభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి. టోపీ చేతిలో పట్టుకొని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కోపంగా లేడు. "మీ నీళ్లు కంచె కిందుగా నా కూరమళ్లలోకి వస్తున్నాయి. మూడు వారాలుగా నేను టమాటాలు కోయడం మానేశాను. మీ ఇంట్లో నెలలు నిండిన బిడ్డ ఉందని ఇన్నాళ్లూ చెప్పలేదు" అన్నాడు. అల్లుడు ఆ మాటలు తెలుగులో నాకు చెబుతుంటే నేను తలెత్తలేకపోయాను. పొరుగువారి హక్కును గురించి జిబ్రీల్ దూత పదేపదే తాకీదు చేస్తుంటే, వారికి ఆస్తిలో వారసత్వం కూడా ఇచ్చేస్తారేమో అని దైవప్రవక్త (స)కు అనిపించిందన్న హదీసును నేను ఏటా కొత్త విద్యార్థులకు బోధిస్తాను. ఆ పెద్దాయన ఆ హదీసు విన్నవాడు కాడు. మూడు వారాలు దానిని ఆచరించినవాడు మాత్రం ఆయనే.

మర్నాడు ఒక టెక్నీషియన్‌ను పిలిపించాం. అతను తొట్ల మూతలు తెరిచాడు. గాలి ఊదే కంప్రెసర్ ఎన్ని నెలల క్రితం ఆగిపోయిందో తెలియదు. క్లోరిన్ బిళ్లలు వేసే గొట్టం పూర్తిగా ఖాళీగా ఉంది. గ్యారేజీ వెనుక గోడకు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. దాని మోతను ఎప్పుడో నొక్కి ఆపేశారు. దీపం ఎవరి కంటా పడని చోట ఉంది. "ఇంతకాలం మీరు గడ్డి మీద చిమ్మినది దాదాపు మురుగు నీరే" అన్నాడతను.

ఒప్పందం వదులుకున్నప్పుడు అల్లుడు, ఆ వ్యవస్థను తానే చూసుకుంటానని అనుకున్నాడు. టెక్సాస్‌లో కొన్ని కౌంటీలు ఇంటి యజమానికి అందుకు వీలు కల్పిస్తాయి. ఉద్యోగం, ప్రయాణాలు, ఇంటి పనుల మధ్య ఆ సంకల్పం సంకల్పంగానే మిగిలిపోయింది. అతని తప్పు అంతవరకే. మొదటి తప్పు నాది. ఒక వస్తువు ఏమిటో సరిగా ఊహకు అందకముందే దాని మీద తీర్పు చెప్పరాదు. ఈ సూత్రాన్ని ధర్మశాస్త్ర విద్యార్థి తొలి సంవత్సరంలోనే నేర్చుకుంటాడు. మూడు దశాబ్దాలుగా ఇజారా ప్రకరణాన్ని బోధిస్తున్న నేను ఆ రాత్రి దానిని మరిచాను.

ఆ తొట్లలో జరిగేదేమిటి?

ఆ టెక్నీషియన్ ఓపికగా చూపించిన దానిని ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. మన ఇళ్లలో ఉండే మామూలు సెప్టిక్ ట్యాంకులో గాలి చొరదు. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు మలినాన్ని నెమ్మదిగా విచ్ఛిన్నం చేస్తాయి. మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీరు ఇంకుడు గుంతలోకో, భూమిలోని గొట్టాల వరుసలోకో పోయి నేలలో ఇంకుతుంది. అసలు శుద్ధి చాలావరకు ఆ నేలలోనే జరుగుతుంది. డాలస్ పరిసరాలలో ఉన్నది మన నల్లరేగడి జాతికి చెందిన నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, నీటిని తొందరగా ఇంకనివ్వదు. అటువంటి చోట మామూలు ట్యాంకు నీరు పైకి తేలి నిలిచిపోతుంది. అందుకే నేల చేయవలసిన పనిని ముందుగానే తొట్లలో యంత్రం చేత చేయిస్తారు.

మొదటి తొట్టిలో చెత్తా, మడ్డీ దిగుతాయి. రెండవ తొట్టిలోకి కంప్రెసర్ రేయింబవళ్లు గాలి ఊదుతుంది. గాలి పీల్చి బ్రతికే సూక్ష్మజీవులు అక్కడ మలినాన్ని చాలా వేగంగా తినేస్తాయి. తరువాత నీరు తేరుకునే భాగం ఉంటుంది. తేరిన నీరు క్లోరిన్ బిళ్లలను తాకుతూ పంపు తొట్టిలోకి చేరుతుంది. అక్కడి నుంచి దానిని స్ప్రింక్లర్లతో గడ్డి మీద చిమ్ముతారు. చాలా ఇళ్లలో మనుషులు తిరగని వేళ, అర్ధరాత్రికీ తెల్లవారుజాము 5 గంటలకూ మధ్య ఇది జరిగేలా గడియారం అమరుస్తారు. ఒక మోస్తరు ఇంటికి రోజుకు 500 గ్యాలన్లు, అంటే సుమారు 1,900 లీటర్ల సామర్థ్యం గల వ్యవస్థ ఉంటుంది.

గాలి ఆగితే ఆ జీవులు చనిపోతాయి. క్లోరిన్ లేకపోతే వ్యాధికారక క్రిములు మిగిలిపోతాయి. పంపు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మామూలు ట్యాంకు చెడితే మురుగు ఇంట్లోకి ఎదురుతన్ని యజమానికి ముందుగా తెలుస్తుంది. ఇది చెడితే ముందుగా నష్టపోయేది పొరుగువాడు. అందుకే టెక్సాస్ ప్రభుత్వం మొదటి రెండేళ్ల సేవను అమర్చినవారి మీదే విధించింది. ఆ తరువాత ఒప్పందం ఉన్నచోట సాధారణంగా నాలుగు నెలలకొకసారి తనిఖీ జరుగుతుంది. తనిఖీ చేసినవారు 14 రోజులలోగా అనుమతులిచ్చే స్థానిక అధికారులకూ, ఇంటి యజమానికీ నివేదిక పంపాలి.

ఒప్పందం మీద ధర్మశాస్త్రం ఏమంటుంది?

ఇప్పుడు నా తప్పు జవాబును సరిదిద్దుకుంటాను. ఇన్సూరెన్సులో మనం కొనేది జరగవచ్చు, జరగకపోవచ్చు అనే ఒక సంభావ్యతను. ఏడాదంతా ఏ నష్టమూ జరగకపోతే ఎదుటివాడు మనకు చేసే పని ఏదీ ఉండదు. నిర్వహణ ఒప్పందం అటువంటిది కాదు. యంత్రం చెడినా, చెడకపోయినా ఆ మనిషి ఏడాదికి మూడుసార్లు వస్తాడు, మూత తెరుస్తాడు, చూస్తాడు, కొలుస్తాడు, శుభ్రం చేస్తాడు, రాసి ఇస్తాడు. మనం చెల్లించేది ఆ శ్రమకు ఉజ్రత్. ఇది శ్రమ మీద కుదిరే ఇజారా. ఇందులో ఆక్షేపణ లేదు.

ఇది నేను ఒంటరిగా చెబుతున్న మాట కాదు. 1998 నవంబరులో బహ్రెయిన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ ఈ విషయాన్నే పరిశీలించింది. నిర్వహణ ఒప్పందాన్ని కొత్త కాలపు స్వతంత్ర ఒప్పందంగా గుర్తించింది. నిర్వాహకుడు శ్రమను మాత్రమే అందించినా, లెక్కలోకి రానంత స్వల్పమైన సామగ్రిని కలిపి అందించినా, అది ఇజారా అవుతుందనీ, పనీ ప్రతిఫలమూ స్పష్టంగా తెలిసి ఉంటే ధర్మసమ్మతమేననీ నిర్ణయించింది. సామగ్రి యజమాని ఇచ్చి, శ్రమ నిర్వాహకుడిదైనా అంతే. వస్తువును అమ్మినవాడే నిర్ణీత కాలంపాటు నిర్వహణ చేయాలన్న షరతు పెట్టుకోవడం కూడా సమ్మతమే. మొదటి రెండేళ్ల సేవ ఈ కోవలోకే వస్తుంది. ఏ విడిభాగం చెడినా నిర్వాహకుడే తన ఖర్చుతో మార్చాలనే ఒప్పందాల విషయాన్ని మాత్రం మరింత పరిశోధనకు వాయిదా వేసింది. ఎందుకంటే ఏ భాగం పోతుందో, ఎంత ఖరీదు చేస్తుందో ఇరువురికీ తెలియదు. నేను భయపడిన గరర్ అక్కడ ఉంది. మా అల్లుడి చేతికి వచ్చిన కాగితంలో అది లేనే లేదు. విడిభాగాల ఖర్చు విడిగా యజమానిదేనని అందులో స్పష్టంగా రాసి ఉంది. నేను ఆ కాగితం చదివి వినిపించమని కూడా అడగలేదు!

కనుక ఇటువంటి ఒప్పందం ముందుకు వచ్చినప్పుడు ఈ సంగతులు చూసుకోండి.

మొదటిది, కాలం. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది తేదీలతో ఉండాలి. రెండవది, పని. ఎన్నిసార్లు వస్తారు, వచ్చినప్పుడు ఏమేమి చూస్తారు అన్నది పేరుపేరునా ఉండాలి. ఏరోబిక్ వ్యవస్థ విషయంలో కంప్రెసరు, దాని గాలి వడపోత, తొట్టిలో బుడగల కదలిక, మడ్డి మట్టం, పంపు, నీటిమట్టాన్ని తెలిపే ఫ్లోట్లు, అలారం, విద్యుత్ తీగలు, నీటిలో మిగిలే క్లోరిన్ పరిమాణం, స్ప్రింక్లర్ల మూతులు, ఇవన్నీ అందులో కనిపించాలి. మూడవది, ప్రతిఫలం. ఏడాది రుసుము ఎంత, మధ్యలో అత్యవసరంగా పిలిస్తే అదనంగా ఎంత అన్నది ముందే తెలియాలి. నాలుగవది, విడిభాగాలు. వాటి ధర చెప్పి, మీ అనుమతి తీసుకున్నాకే మార్చాలని ఉండాలి. ఐదవది, క్లోరిన్ బిళ్లలు ఎవరు వేయాలి? చాలా ఒప్పందాలలో ఆ బాధ్యత యజమానిదే. "వాళ్లే వేస్తున్నారు" అని యజమాని, "వీళ్లే వేసుకుంటారు" అని నిర్వాహకుడు అనుకుంటే గొట్టం ఖాళీ అవుతుంది. ఆరవది, మడ్డి తోడించడం. సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లకొకసారి తోడించవలసి వస్తుంది. అది ఏడాది రుసుములో కలిసి ఉండదు. దానికి బేరం వేరు. ఏడవది, ఒప్పందం ముగిసే విధానం. ఎవరు, ఎన్ని రోజుల ముందు తెలియజేయాలో ఉండాలి.

అప్పుల వ్యవహారాన్ని రాసుకోమని చెప్పే ఆయతే దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయత్. రాసుకోవడం అంటే అపనమ్మకం కాదు, రేపటి తగవును నేడే ఆపడం. అయినా మన ఇళ్లలో "మనవాడే కదా" అంటూ నోటిమాటతో సరిపెడతాం. ఆనక ఆ మనవాడే పరాయివాడవుతాడు.

సంతకం ఇద్దరిదీ, అమానతూ ఇద్దరిదే

ఈ పని మూత కింద జరుగుతుంది. టెక్నీషియన్ మూత తెరవకుండానే నివేదికలో అన్ని గళ్లకూ టిక్కు పెట్టి వెళ్లిపోవచ్చు. యజమాని ఆఫీసులో ఉంటాడు, చూసేవారు ఉండరు. అటువంటివాడు పని చేయకుండా ప్రతిఫలం పుచ్చుకున్నవాడవుతాడు. పని చేసి ముగిస్తేనే ఇటువంటి పనివాడికి ఉజ్రత్ మీద హక్కు ఏర్పడుతుందని మన హనఫీ ధర్మవేత్తలు చెబుతారు. ముందుగానే రుసుము ఇచ్చేలా షరతు పెట్టుకోవచ్చు గానీ, అలా ఇచ్చినంతమాత్రాన పని చేయవలసిన బాధ్యత తీరిపోదు. మన పిల్లలలో ఎందరో ఇటువంటి సాంకేతిక వృత్తులలో ఉన్నారు. ఎవరూ చూడని చోట మూత తెరిచి చూసేవాడి సంపాదనే హలాల్ సంపాదన అని వారికి చెప్పండి.

యజమాని వైపు కూడా మోసానికి తావుంది. కరెంటు ఆదా కోసం కంప్రెసర్‌ను రాత్రిళ్లు ఆపేసేవారు ఉన్నారు. అలారం మోతను నొక్కేసి ఊరుకునేవారు ఉన్నారు. మురుగు నీటి కోసం తయారైన బిళ్లలు ఖరీదని ఈతకొలనులో వాడే బిళ్లలు వేసేవారు కూడా ఉన్నారు. ఆ రెండు రకాలూ తడిలో కలిస్తే ప్రమాదకరమైన వాయువు పుట్టి పేలుడు కూడా సంభవించవచ్చు. కనుక దాని దరిదాపులకు పోవద్దు.

ఇంట్లో ఆడవారికీ, పిల్లలకూ కూడా చెప్పవలసిన విషయాలున్నాయి. బిర్యానీ గిన్నె అడుగున మిగిలిన నూనెను సింకులో ఒంపరాదు. కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయాలి. వైప్స్ అనే తడి తుడుపు గుడ్డలు, పసిపిల్లల డైపర్లు, మిగిలిపోయిన మందులు మరుగుదొడ్డిలో వేయరాదు. వారం బట్టలన్నీ ఒకే రోజు ఉతకకుండా రోజుకు ఒకటి రెండు విడతలుగా ఉతకాలి. రమజానులో నలభై మందిని ఇఫ్తారుకు పిలిస్తే అందరి వుజూ, మరుగుదొడ్డి, గిన్నెలు తోమిన నీరు అన్నీ రెండు గంటల వ్యవధిలో ఆ తొట్లలోకి చేరతాయి. తేరుకునే సమయం చాలక మురుగు ముందుకు తోసుకుపోతుంది. ఇఫ్తారు ఇవ్వడం పుణ్యకార్యమే. ఆ రోజు బట్టలు ఉతకడం మానుకోవడం, గిన్నెలు మర్నాటికి ఉంచడం, వుజూకు కుళాయిని సన్నగా విప్పమని అతిథులకు చెప్పడం ఆ పుణ్యాన్ని పొరుగువాడి నష్టం నుంచి కాపాడతాయి. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదన్నదే కదా మనకు అందిన బోధ!

ఆ గడ్డి మీద నమాజు చేయవచ్చా?

మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. మురుగునీటి శుద్ధి గురించి మక్కాలోని ఫిఖ్హ్ మండలి 1989లో చర్చించింది. శుద్ధి తరువాత రుచి, రంగు, వాసనలలో మాలిన్యం జాడ ఏ మాత్రమూ మిగలకపోతే ఆ నీరు పరిశుద్ధమేనని నిర్ణయించింది. ఆ చర్చ పెద్ద కేంద్రాలలో అనేక దశలలో శుద్ధి అయ్యే నీటిని దృష్టిలో ఉంచుకున్నది. పెరటి తొట్టి నీరు అంతటిది కాదు. దానిని తాగరాదు, పిల్లలను దానిలో ఆడనివ్వరాదు, కూరగాయల మీద చిమ్మరాదు. కాబట్టి దానితో వుజూ చేయరాదని, అది పడిన బట్టను కడుక్కోవాలని నేను చెబుతాను. జాగ్రత్త అందులోనే ఉంది.

నేల విషయం వేరు. మాలిన్యం సోకిన నేల ఎండి, రంగూ వాసనా పోతే అది నమాజుకు పరిశుద్ధమవుతుందన్నది హనఫీ ధర్మవేత్తల మాట. అయితే దానితో తయమ్ముమ్ చేయరాదు. నేలలో పాతుకొని ఉన్న గడ్డికి కూడా నేలకున్న ఆదేశమే. కనుక ఎండ కాసి ఆరిన గడ్డి మీద జానమాజు పరుచుకొని నమాజు చేసుకోవచ్చు. ఫజ్ర్‌కు మసీదుకు వెళ్లేవారు తడి గడ్డి మీదుగా కాక కాలిబాట మీద నడిచి వెళ్లాలి. మేము అక్కడ ఉన్నన్నాళ్లూ అలాగే చేశాం.

మన ఊళ్లలో

ఇదంతా అమెరికా ముచ్చట అనుకోకండి. మన ఊళ్లలో గాలి ఊదే తొట్లు లేవు గానీ, సెప్టిక్ ట్యాంకులు దాదాపు ప్రతి ఇంటా ఉన్నాయి. వాటి నుంచి వచ్చే నీటిని ఇంకుడు గుంతకు పంపకుండా నేరుగా వీధి కాల్వలోకి వదిలేసే ఇళ్లకు లెక్కలేదు. నీటి రేవులలో, దారిలో, నీడపట్టున మలవిసర్జన చేయడం శాపానికి కారణమవుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. గొట్టం వేసి అదే పనిని వీధి మధ్యలోకి పంపితే ఆ హెచ్చరిక మనకు వర్తించదని ఎలా అనుకుంటాం?

రెండు మూడేళ్లకొకసారి మడ్డి తోడించడం మనం పాటించం. పొంగినప్పుడు ఎవరినో ఒకరిని పిలుస్తాం. బండి దొరకకపోతే ఒక పేదవాడిని బకెట్టుతో లోపలికి దించుతాం. ఆ ట్యాంకులో వాసన తెలియనివ్వని, క్షణాలలో స్పృహ తప్పించే విషవాయువులు ఉంటాయి. ఒకరు పడిపోతే కాపాడబోయి మరొకరు దిగి ఇద్దరూ మరణించిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఇటువంటి మరణాలకు ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. పరిహారం ఇల్లు చేరవచ్చు, మనిషి చేరడు.

అమెరికా నుంచి తిరిగి వచ్చాక నేను మా మదరసా కమిటీ ముందు ఒక కాగితం పెట్టాను. మా హాస్టల్లో పిల్లలందరూ వాడే ట్యాంకు ఏ సంవత్సరం తోడించారో ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు బండి యజమానితో రాతపూర్వకమైన ఒప్పందం ఉంది. ఏ నెలలో వస్తాడు, ఎంత తీసుకుంటాడు, మడ్డిని ఎక్కడ వదులుతాడు అన్నది అందులో ఉంది. యంత్రంతో తప్ప మనిషిని లోపలికి దించరాదన్నది మొదటి షరతు. పని ముగిసిన రోజే, పనివాళ్లు చేతులు కడుక్కుని వెళ్లకముందే వారి డబ్బు వారి చేతిలో పెట్టాలన్నది చివరి షరతు. మీ మసీదు కమిటీలోనూ, మీ అపార్టుమెంటు సంఘంలోనూ ఈ రెండు షరతులు ఉన్నాయేమో ఒకసారి అడగండి.

టెక్సాస్‌లో మా అల్లుడు కొత్త కంప్రెసర్ పెట్టించాడు, తొట్లు తోడించాడు, నిర్వహణ ఒప్పందం తిరిగి కుదుర్చుకున్నాడు. ఇన్నాళ్లూ ఆదా అయిందనుకున్న రుసుముకు అనేక రెట్లు ఒక్క వారంలో ఖర్చయ్యాయి. ఇతరులకు కలిగించిన నష్టాన్ని పూరించడం మన మీద విధి కాబట్టి, పక్కింటి పెద్దాయనకు పంట ఖరీదు ఇవ్వబోయాం. ఆయన పుచ్చుకోలేదు. ఆ మడిలో పాత మన్ను తీసి కొత్త మన్ను పోసేటప్పుడు సాయం చేస్తే చాలన్నాడు. నేనూ, అల్లుడూ రెండు సాయంత్రాలు పార పట్టాం. తిరుగు ప్రయాణానికి ముందురోజు ఆయన చేతికర్ర ఊతంతో వచ్చి పసిబిడ్డను చూసి, దీవించి వెళ్లాడు.

ఆ రాత్రి అల్లుడితో, "నేను నీకు చెప్పిన జవాబు తప్పు. దాని భారంలో నాకూ వాటా ఉంది" అన్నాను. అతను చాలాసేపు మౌనంగా ఉండి, "మామయ్యా, నేను కూడా కాగితం పంపకుండానే అడిగాను" అన్నాడు. అప్పటి నుంచి ఎవరు ఒప్పందం గురించి మస్‌అలా అడిగినా ముందు కాగితం పంపమంటున్నాను. చదివి, తెలియనిది ఆ పని తెలిసినవారిని అడిగి, ఆ తరువాతే జవాబు చెబుతున్నాను. ఆలస్యమైతే పాఠకులు మన్నించాలి.

ఎవరూ చూడని చోట చేసే పనిలో నిజాయితీని, పొరుగువారికి మన వల్ల హాని కలగని జీవితాన్ని, తెలియనిది తెలియదని చెప్పగల ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.